పరుగు చివర ఎల్ బోర్డు కారు

ఆ ఊళ్ళో కారు నడిపే ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. అందరూ ఆవిడను క్లచ్ అక్క అనేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేది. పాఠం మొదలైన దగ్గర నుంచి అయ్యేదాకా ఆవిడ నోట ఎక్కువగా వినపడే మాట క్లచ్చే మరి.

"క్లచ్... క్లచ్ తల్లీ. గబుక్కున వదలకు. నిద్రపోయిన పసిపిల్ల తల కింద నుంచి చెయ్యి ఎలా తీస్తావు? అలా."

పెట్రోలు బంకు పక్కన ఒక గది, గోడకు రోడ్డు గుర్తుల పటం, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, బయట నెత్తిన ఎల్ బోర్డు మోస్తూ తలుపుల నిండా సొట్టలతో ఒక తెల్ల కారు. ఆవిడ డ్రైవింగ్ స్కూలంటే ఇంతే. కారులో పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉండేది. నేర్చుకునేవాళ్ళు ఏ గోడ మీదికో పోతుంటే ఆవిడ అరవకుండా, కబుర్లు ఆపకుండా, ఆ బ్రేకు మీద కాలు వేసేది. తనకు నేర్పినాయన అయినదానికీ కానిదానికీ అరిచేవాడు. ఆ అరుపులకు బెదిరి లైసెన్సు పరీక్షలో రెండుసార్లు బోల్తా కొట్టింది. అందుకే నేను నేర్పితే అరవను గాక అరవను అని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

నిజానికి ఆవిడకు భర్తే నేర్పాల్సింది. ఆయన సైన్యంలో ఉండేవాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా "ఈసారి నీకు కారు నేర్పి గానీ వెళ్ళను" అనేవాడు. సెలవు మాత్రం చుట్టాలతో, ఇంటి మరమ్మతులతో ఇట్టే కరిగిపోయేది. చివరికి ఒకసారి సరిహద్దు దగ్గర కాల్పుల్లో పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది ఆవిడా, అత్తగారూ.

అత్తగారు మాట పడే మనిషి కాదు. డ్రైవింగ్ స్కూలు ఫోన్లన్నీ ఇంట్లో ఆ ముసలావిడే తీసేది. నేర్చుకుంటామని ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, ఏం పని చేస్తారు, ఇంట్లో ఎవరెవరున్నారు, కారు కొన్నారా, కొనకుండానే నేర్చుకుంటున్నారా అని ఆరా తీసి, నచ్చితేనే టైము ఇచ్చేది. "మీ అత్తయ్యగారి ఇంటర్వ్యూ దాటితే లైసెన్సు పరీక్ష ఒక లెక్కా?" అని నేర్చుకునేవాళ్ళు నవ్వుకునేవారు.

ఏటా చలికాలం మొదట్లో ఆ ఊరి కాలేజీవాళ్ళు అమరుల పరుగు అని పెట్టేవారు. యుద్ధాల్లో పోయిన సైనికుల పేర్లు గుండె మీద పిన్నుతో పెట్టుకుని జనం ఊరంతా చుట్టి వచ్చేవారు. పరుగు రుసుము రూపంలో వచ్చిందంతా, సైన్యం నుంచి తిరిగొచ్చి మళ్ళీ చదువు మొదలుపెట్టినవాళ్ళకు స్కాలర్‌షిప్పుగా ఇచ్చేవారు. మంచి పనే. ఊరంతా కదిలి వచ్చేది.

ఆ రోజు క్లచ్ అక్క స్టేజీ మీద కూర్చోవాలి. అమరుల కుటుంబాలకని ఒక వరుస కుర్చీలు వేసేవారు. పూలగుత్తి ఇచ్చేవారు. "రెండు మాటలు చెప్పండమ్మా" అని మైకు చేతికిచ్చేవారు. ఆవిడ ఏటా ఆ రెండు మాటలే చెప్పేది: "మీరందరూ వచ్చినందుకు సంతోషం. ఆయన ఉంటే ఆయనా సంతోషించేవారు." జనం తలలు వంచుకుని వినేవారు. కారులో తనతో ఇకిలిస్తూ జోకులు వేసే ఆడపిల్లలు కూడా ఆ రోజు ఆవిడ ముందుకు వచ్చి, మొహాలు పొడుగ్గా పెట్టుకుని, ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళిపోయేవారు. ఆ కుర్చీలోంచి ఎప్పుడు లేద్దామా అని ఆవిడ చూసేది.

ఒక ఏడు ఆ రెండో మాట అంటూ ఉండగా ఆవిడకు ఒక సందేహం వచ్చింది. ఆయన సంతోషిస్తే ఏమనేవాడు? ఎలా అనేవాడు? ఆయన గొంతు గుర్తు చేసుకోబోతే, మైకులోంచి మోగుతున్న తన గొంతే చెవుల్లో పడింది. ఎంత వెతికినా ఆయన గొంతు దొరకలేదు. ఇంటికొచ్చాక దొరుకుతుందేమో అనుకుంది. దొరకలేదు.

*

ఆ తరువాతే మిలటరీ బాబాయ్ కారు నేర్చుకోవడానికి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. సైన్యం నుంచి బయటికొచ్చి, టీచరు అవుదామని కాలేజీలో చేరాడు. క్లాసులో తనకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చుంటాడు గనక ఆ పిల్లలే అతనికి ఆ పేరు పెట్టారు.

"మా ఆవిడకు అయిదో నెల మేడమ్. నెప్పులు వచ్చే వేళకు ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాలి. డ్రైవింగ్ అసలు రాదు" అన్నాడు.

డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. సీటు జరిపాడు, అద్దాలు సర్దాడు, బెల్టు పెట్టుకున్నాడు, భుజం మీదుగా వెనక్కి ఒక చూపు చూశాడు. అన్నీ ఒక్క ఊపులో అయిపోయాయి. ఈయనకు రాకపోవడం ఏమిటి, అనుకుంది క్లచ్ అక్క. కానీ తాళం చెవి దగ్గరికి వెళ్ళేసరికి అతని చెయ్యి బిగుసుకుపోయింది.  అలా కొంతసేపు కూర్చుని "సారీ మేడమ్" అన్నాడు.

"సారీ ఎందుకు తమ్ముడూ? కారు కదలకపోయినా క్లాసు క్లాసే. రేపు రా."

అతను రేపు వచ్చాడు, ఎల్లుండీ వచ్చాడు. ఆవిడ ఏమీ అడగలేదు. పాత గోదాముల వెనక ఖాళీ స్థలంలో కారు ఆపుకుని ఇద్దరూ కూర్చునేవారు. కొన్నాళ్ళకు ఇంజను స్టార్టు చేశాడు. ఇంకొన్నాళ్ళకు ఆ స్థలం చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. ఒక ఉదయం ఇంజను ఆపేసి, స్టీరింగు వంక చూస్తూ తనే చెప్పాడు.

"నేను సైన్యంలో లారీ నడిపేవాణ్ణక్కా. రోడ్డు కింద మందుపాతర పెట్టారు. నేను బయటికి ఎగిరిపడ్డాను. వెనకాల కూర్చున్నవాళ్ళు ముగ్గురు దిగలేదు."

ఆవిడ కిటికీ అద్దం దించింది.

"ఇప్పుడు నాకు స్కాలర్‌షిప్పు ఇచ్చేది ఆ పరుగువాళ్ళే. పోయినేడు జ్వరమని చెప్పి తప్పించుకున్నాను. ఈ ఏడు స్టేజీ ఎక్కి, పూలగుత్తి పుచ్చుకుని కృతజ్ఞతలు చెప్పాలట. వాళ్ళు పోయినందుకు నాకు బహుమతి ఇస్తున్నట్టు ఉంటుందక్కా."

"నాకూ ఆ స్టేజీ పడదు తమ్ముడూ" అంది ఆవిడ. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

*

పరుగు ఏర్పాట్లు చూసేది కాలేజీ ఆటల మాస్టారు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంటుంది కాబట్టి అందరికీ ఆయన విజిల్ మాస్టారు. ఎప్పటిలాగే ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎప్పటిలాగే మీరూ పెద్దావిడా ముందు వరుసలో..."

"నేను కూర్చోను మాస్టారూ. పరిగెత్తుతాను."

"అయ్యయ్యో, కుర్చీ మీద మీ పేరు అంటించేశాం మేడమ్!"

"అంటించింది పీకెయ్యండి. ఏం పోయింది?"

"సరే... మరి మీ కారు? చివరి బండిగా ఎప్పుడూ అదేగా పెడతాం. మా బావమరిదిని పంపనా నడపడానికి?"

పరుగులో అందరికన్నా వెనకబడ్డవాళ్ళ వెనకాల ఒక కారు మెల్లగా రావడం రివాజు. ఎవరైనా సొమ్మసిల్లితే అందులో ఎక్కించుకుంటారు. "మీ బావమరిది పోయినేడు నా కారుకు ఇంకో సొట్ట పెట్టాడు మాస్టారూ. డ్రైవర్ని నేను చూసుకుంటాలెండి" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మిలటరీ బాబాయ్‌తో అంది: "ఆ రోజు నా వెనకాల కారు నువ్వు నడపాలి తమ్ముడూ. రోడ్డు మూసేస్తారు, ఎదురు బండి రాదు. ఫస్టు గేరు దాటక్కర్లేదు. నీ ముందు పోయేది నేను. నా వేగం సంగతి నీకు తెలుసుగా."

"మధ్యలో చెయ్యి బిగుసుకుపోతే?"

"అయితే ఆపెయ్యి. నేను వెనక్కి నడిచొచ్చి నీ పక్కన కూర్చుంటా. ఎలాగూ నాకూ కాళ్ళు నెప్పి పుడతాయి."

అతను ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది అత్తగారు. ఫోన్ మాటలు విన్న దగ్గర నుంచి మూతి ముడుచుకుని తిరిగిన మనిషి, సాయంత్రం వంటగదిలో ఒంటికాలి మీద లేచింది.

"వాడి పేరు చదివే వేళకు నువ్వు చెమటలు కక్కుకుంటూ రోడ్డు మీద ఉంటావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆడమనిషి పరిగెత్తలేక పరిగెత్తుతోంది పాపం అనుకుంటారు."

"నీకు అన్నీ హాస్యమే!" ముసలావిడ గిన్నె ఠక్కున పెట్టింది. "ఏడాదికి ఒక్క పూట నా కొడుకు పేరు నలుగురి చెవుల్లో పడుతుంది. నాకు మిగిలింది అదొక్కటే. నీ కుర్చీ ఖాళీగా ఉంటే దాని పక్కన నేనొక్కదాన్నే కూర్చోవాలి. తెలుస్తోందే అమ్మాయ్, తెలుస్తోంది. నువ్వు మెల్లమెల్లగా దిగిపోతున్నావు. ఇవాళ కుర్చీలోంచి. రేపు ఈ ఇంట్లోంచి."

ఇన్నేళ్ళూ ఈ భయం ఈవిడ కడుపులో ఉందా అనుకుంది క్లచ్ అక్క. స్టవ్ ఆర్పి, అత్తగారి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేనెక్కడికి పోతానత్తయ్యా? నా స్కూలు ఫోను మీ చేతిలోనే ఉంది. మీరు టైము ఇస్తేనే నాకు పని. అది కాదు. ఆ స్టేజీ మీద కూర్చుంటే... నాకు ఆయన గొంతు గుర్తు రావట్లేదు. పోయినేటి నుంచి రావట్లేదు. ఎవరికీ చెప్పలేదు."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. లేచి వెళ్ళి పడుకుంది. తరువాత కూడా ముక్తసరి మాటలే. పరుగు ముందురోజు మాత్రం తన మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేసుకుంది. స్టేజీ మీదికి ఒక్కతే వెళుతుందన్నమాట అనుకుంది క్లచ్ అక్క.

*

తెల్లవారింది. ముసలావిడ ముస్తాబై వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది. కాలేజీ మైదానం దగ్గర కోడలు కారు ఆపి, తలుపు తీసి పట్టుకుంది. ముసలావిడ దిగలేదు.

"స్టేజీ అటు అత్తయ్యా."

"కనపడుతోందిలే. ఆ కుర్చీలు నా నడుముకు పడవు. నేను ఇందులోనే వస్తా."

ఎంత చెప్పినా వినలేదు. అంతలో మిలటరీ బాబాయ్ వచ్చాడు, మొహం పాలిపోయి ఉంది. డ్రైవరు సీట్లో కూర్చుని, పక్కనున్న పెద్దావిడకు నమస్కారం పెట్టాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, "బండి వచ్చా నీకు?" అంది.

"వచ్చండీ. నడపడమే రావట్లేదు."

"అదేం మాట!"

క్లచ్ అక్క నవ్వాపుకుంటూ అత్తగారి కాళ్ళ దగ్గర చూపించింది. "ఇదిగో, ఇది బ్రేకు. మరీ భయమేస్తేనే నొక్కండి." ఆ మాట ఎందుకన్నానా అని ఆ ఉదయమంతా అనుకుంది.

విజిల్ మోగింది. జనం కదిలారు. క్లచ్ అక్క ఒంటి మీద కొత్తగా కొన్న ట్రాక్ ప్యాంటు, గుండె మీద భర్త పేరు, కాళ్ళకు కరిచే బూట్లు. మొదట్లో హుషారుగానే పరిగెత్తింది. పక్కనుంచి దూసుకుపోతూ ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు కేకలేశారు. "అక్కా, గేరు మార్చు!" "క్లచ్ వదులక్కా, క్లచ్!" ఆవిడ చెయ్యి ఊపింది. ఇన్నేళ్ళలో అమరుల పరుగు రోజున ఎవరైనా ఆవిడతో నవ్వడం అదే మొదలు. పోస్టాఫీసు మలుపు దగ్గరికి వచ్చేసరికి పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ దాటేశారు. ఊపిరి అందలేదు. నడక మొదలుపెట్టింది. వెనకాల ఎల్ బోర్డు కారు గురగురలాడుతూ వస్తోంది. కిటికీలు తెరిచి ఉన్నాయి గనక లోపలి మాటలన్నీ వినపడుతున్నాయి.

కారు కుదుపుతో ఆగింది.

"పెద్దమ్మా, కాలు తియ్యండి."

"నువ్వంత జోరుగా పోతుంటే?"

"ఇది జోరా పెద్దమ్మా? సైకిలు తోసుకుంటూ పోయేవాడు మనల్ని దాటేశాడు."

మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. ఇలా నాలుగైదు మార్లు అయ్యాక అతని గొంతులో వణుకు పోయి విసుగు వచ్చింది. విసుగు పడుతున్నాడంటే ఫరవాలేదు అనుకుంది ముందు నడుస్తున్న క్లచ్ అక్క.

"నువ్వూ మిలటరీయేనటగా. మావాడితో ఉన్నావా ఎప్పుడైనా?" అని అడిగింది ముసలావిడ.

"లేదు పెద్దమ్మా. నాది వేరే చోటు."

"అయితే వాడి సంగతులు నీకేం తెలుసు! చెప్తా విను. వాడికి నిద్రంటే ప్రాణం. సైన్యంలో పొద్దున్నే ఎలా లేచేవాడో నాకు ఇప్పటికీ అంతు పట్టదు. నీళ్ళు చల్లినా లేచేవాడు కాదు. దుప్పట్లోంచి ముక్కుతో సాగదీస్తూ అనేవాడు, 'అయిదు నిముషాలమ్మోయ్... ఒక్క అయిదంటే అయిదే...'"

క్లచ్ అక్క రోడ్డు మధ్యలో నిలబడిపోయింది.

అచ్చం అదే. ఆ సాగదీత, మాట చివర పైకి లేచే ఆ యాస, ముక్కులోంచి వచ్చే ఆ బద్ధకం. తల్లి గొంతులో కొడుకు గొంతు ఉందని ఆవిడకు ఇన్నేళ్ళూ తోచనేలేదు. వెనకాల రెండు బ్రేకులూ ఒకేసారి పడ్డాయి, కారు నిలిచిపోయింది. ఆవిడ వెనక్కి వచ్చి కిటికీ పట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు.

"ఇంకోసారి అనండత్తయ్యా."

"అయిదు నిముషాలమ్మోయ్..." అంటూ ముసలావిడ కోడలి మొహం చూసి ఆగింది. చెయ్యి చాచి ఆ చెమట మొహాన్ని తన అరచేత్తో తుడిచింది. "ఇది కావాలంటే ఇంట్లో అడగొచ్చుగా, పిచ్చిదానా. ఊరంతా పరిగెత్తాలా?"

మళ్ళీ నడక సాగింది. తరువాత కారులోంచి మిలటరీ బాబాయ్ గొంతు వినపడింది. తన లారీలో ఒకడు ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేవాడట. ఇంకొకడు రాగం రాకపోయినా పాడేవాడట. మూడోవాడు, అందరికన్నా చిన్నవాడు, ప్రతి మలుపు దగ్గరా "అన్నా, హారన్ నేను కొడతా" అని వెనక నుంచి అరిచేవాడట. వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి అన్నాడు.

"వాళ్ళమ్మలకు ఫోన్ చేస్తుంటావా?" అంది ముసలావిడ.

"లేదు పెద్దమ్మా. నేను బతికి, వాళ్ళు... ఏమని చెయ్యను?"

"ఇప్పుడు నాకు చెప్పావు చూడు, అవే చెప్పు. మావాడి స్నేహితులు ఒక్కడూ నాకు ఫోన్ చెయ్యడు. నేను ఏడుస్తానని భయం వాళ్ళకు. ఏడిస్తే ఏమయిందిరా? ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఇంకా ఏమనేవాడు అని అడుగుతాను."

దూరంగా మైదానం నుంచి మైకు వినపడింది. పేర్లు చదువుతున్నారు. అతను ఇంజను ఆపేశాడు. ముగ్గురూ అక్కడే, మూసిన దుకాణాల వీధిలో, ఆ పేరు కోసం ఆగారు. పేరు వచ్చింది, గాలిలో సగం కొట్టుకుపోతూ. అత్తగారు కళ్ళు మూసుకుంది. కోడలు కిటికీ లోపలికి చెయ్యి పెట్టి ఆ ముసలి చెయ్యి పట్టుకుంది.

పేర్లు అయిపోయాక మిలటరీ బాబాయ్ తాళం మీద చెయ్యి వేశాడు. వేళ్ళు బిగుసుకున్నాయి. ముసలావిడ, "ఏం, పెట్రోలు అయిపోయిందా?" అంది. అతను గట్టిగా ఊపిరి వదిలి తాళం తిప్పాడు.

వాళ్ళు మైదానం చేరేసరికి షామియానా విప్పేస్తున్నారు. విజిల్ మాస్టారు మిలటరీ బాబాయ్ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "నీ కోసం మైకులో పిలిచి పిలిచి నా గొంతు పోయిందయ్యా!"

"బండి నడుపుతున్నాడు. మధ్యలో దిగి వస్తాడా?" అని ముసలావిడ గదమాయించింది. మాస్టారు ఇంకేమీ అనలేక అందరికీ తలా ఒక అరటిపండు ఇచ్చాడు.

*

ఆ వారంలోనే మిలటరీ బాబాయ్ డ్రైవింగ్ స్కూలుకు వచ్చి, "ఇక్కడి నుంచి ఒక ఫోన్ చేసుకోనా అక్కా, ఇంట్లో చెయ్యలేను" అన్నాడు. ఆవిడ బయటికెళ్ళి బంకు దగ్గర నిలబడింది. చాలాసేపటికి అతను ఎర్రటి కళ్ళతో బయటికొచ్చాడు. హారన్ కొడతానన్న పిల్లవాడి తల్లికి చేశాడట.

"ఏమన్నారు?"

"మొదట భోజనం చేశావా అని అడిగిందక్కా. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు అంది."

మిగతా ఇద్దరి ఇళ్ళకూ ఫోన్ చెయ్యడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. అతని భార్యకు నెప్పులు వచ్చినప్పుడు పొరుగాయనే కారు తీశాడు. ఆ వేళ అతనికి చేతులు ఆడలేదు. కూతుర్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు మాత్రం తనే నడిపాడు, నడక వేగంతో, వెనకాల బళ్ళవాళ్ళందరూ హారన్లు కొడుతుంటే. ఇప్పుడు ఒక బడిలో లెక్కలు చెబుతున్నాడు. ఊరు దాటి బండి నడపడు. ఎవరైనా అడిగితే, నడపను అంటాడు, అంతే.

మరుసటేడు క్లచ్ అక్క మళ్ళీ పరిగెత్తింది, మళ్ళీ అందరికన్నా వెనకబడింది. అత్తగారు మాత్రం స్టేజీ ఎక్కింది. రెండు మాటలు చెప్పమని మైకు ఇస్తే, ఇక తిరిగి ఇవ్వలేదు. క్లచ్ అక్క ఇంకా బజారు వీధిలో ఉండగానే లౌడ్‌స్పీకరులోంచి జనం గొల్లున నవ్వడం వినపడింది. మాటలు సరిగ్గా తెలియక, ఏమైందని ఎదురొచ్చినవాళ్ళను అడిగితే, "మీ ఆయనకు బల్లి అంటే భయమటగా? బల్లి కనపడితే మంచం మీద నుంచి దిగేవారు కాదటగా? మీ అత్తయ్యగారు చెబుతున్నారు" అన్నారు.

ఆ సంగతి ఆయన ఆవిడకు ఎన్నడూ చెప్పలేదు. ఆవిడ నడక ఆపి, తక్కినది వినడానికి లౌడ్‌స్పీకరు కట్టిన స్తంభం దగ్గరికి వెళ్ళింది.